గుర్రప్ప మెరుగు పెట్టని మూత

శుక్రవారం లోపు తప్పెక్కడుందో చూపకపోతే నా చిప్‌ను పక్కన పడేస్తామని మా బాస్ శశికుమార్ సార్ తేల్చి చెప్పారు. హోసూరులో మా కంపెనీ చేసేది క్వాంటమ్ కంప్యూటర్ చిప్. దాన్ని విపరీతమైన చలిలో ఉంచి మైక్రోవేవ్‌లతో పలికించాలి. ఏడాదిన్నర తిండీ నిద్రా మాని నేను గీసిన చిప్, దాచమన్న సమాచారాన్ని కావలసినంత సేపు దాచుకోవడం లేదు.

"చిప్‌లోనే లోపం, రంజితా. ఒప్పుకో," అన్నారు సార్.

నాకు ఒళ్లు మండింది. ఎందుకు ఒప్పుకోవాలి? చిప్‌ను పెట్టే రాగి పెట్టెలోనూ మనం కోరని తరంగాలు పుడతాయి. అవి చిప్ పలికే ఫ్రీక్వెన్సీకి దగ్గరగా వస్తే దాని శక్తిని లాగేస్తాయి. అందుకే సర్క్యూట్ లేని ఖాళీ ముక్కను పెట్టెలో పెట్టి కొలిచాను. తెర మీద, ఉండకూడని చోటే, గీతలో ఒక మొన లేచి నిలబడింది. మూత అంచును బొటనవేలితో నొక్కాను. మొన పక్కకు జరిగింది. వేలు తీశాను, వెనక్కి వచ్చింది. దొంగ దొరికాడు! తప్పు చిప్‌లో కాదు, మూతలో.

ఆ మూత చేసింది గుర్రప్ప. ముప్పై ఏళ్లుగా దగ్గర్లోని బేరిగై ఊరి నుంచి హోసూరు వర్క్‌షాపుకు వస్తున్న మనిషి. ముఖం కనబడేలా మెరుగు పెట్టనిదే ఏ వస్తువునూ చేయి దాటనివ్వడు. ఆయనకు చెప్పాలంటే భయమేసింది. అయినా వెళ్లాను.

"నా పనిలో వంకా? యాడుందో చూపించమ్మా!"

"నువ్వే చూడు గుర్రప్పన్నా."

పెట్టె అంచులకు పలచగా నీలిరంగు పూసి, మూత బిగించి, విప్పాడు. స్క్రూల దగ్గర తప్ప ఎక్కడా మూతకు రంగు అంటలేదు. మెరుగు చక్రం అంచుల్ని వెంట్రుకవాసి అరగదీసింది, అక్కడ మిగిలిన సందుల వల్లే ఆ తరంగం పుడుతోంది.

గుర్రప్ప మూత అంచు మీద గోరు పెట్టి చుట్టూ లాగి చూశాడు.

"నునుపు చేద్దామని నేనే చెడగొట్టినాను. రేపు ఇంకోటి తెస్తాను," అన్నాడు చివరికి.

మర్నాడు తానే మా ల్యాబుకు తెచ్చాడు. మూత మీద కోత యంత్రపు గీతలు అలాగే ఉన్నాయి, మెరుగు పెట్టలేదు. బిగించి కొలిచాను. ఆ చోట తెర మీద గీత చదునుగా సాగిపోయింది. ఎంత నొక్కినా ఏమీ లేవలేదు.

సార్ రెండుసార్లు చూశారు. "నీ చిప్‌ను ఇందులో పెట్టి మళ్లీ చల్లబరుద్దాం," అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

గుర్రప్ప మాత్రం మూత మీద నుంచి చూపు తిప్పుకోలేదు.

"తొందరగా లోపల పెట్టేయమ్మా," అన్నాడు. "మెరుగు పెట్టమని చెయ్యి లాగుతా ఉంది."