తుంగను చంపేది నిప్పు కాదు

"నిప్పు పెట్టనీకి సుత తెలివుండాలె" అనేది ఖాసింబీ. పటేల్ భద్రయ్యకు ఆ తెలివి లేదు. అధికారం ఉంది, అగ్గిపెట్టె ఉంది. అంతే.

కాప్రా చెరువు లోపలి వంపులో తుంగ పెరిగేది. దాన్ని కోసి, చీల్చి, ఎండబెట్టి మేం చాపలు నేసేవాళ్లం. చాపల మగ్గానికి ఇద్దరు కావాలి. ఒకరు తుంగపుల్లను దారాల మధ్యకు దూర్చాలి, ఇంకొకరు పలకతో దగ్గరికి కొట్టాలి. దూర్చేది ఖాసింబీ, కొట్టేది ఈ లచ్చమ్మ. పదేళ్లు ఒకే మగ్గం మీద కూర్చున్నాం. ఆమె మగడు పీర్ మహమ్మద్, నాకు పీరన్న, తుంగ కోసేవాడు. చాపలు భుజాన వేసుకుని సికింద్రాబాద్ బజారులో అమ్ముకొచ్చేవాడు.

ఏటా శివరాత్రి దాటాక, కోయగా మిగిలిన మోళ్లను పీరన్నే కాల్చేవాడు. అడుగున చెమ్మ ఉండగానే, గాలికి ఎదురుగా, ఒక్కో పాయ చొప్పున. మంట ముసలమ్మలా మెల్లగా నడిచేది. ఒక పాయను మాత్రం ఎప్పుడూ ముట్టేవాడు కాదు. అది పిట్టల వాటా. నీటికోళ్లు అందులో తలదాచుకునేవి. వానలు పడగానే కాలిన చోటల్లా తుంగ నిటారుగా లేచేది.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం చెరువు బాగా వెనక్కి పోయింది. నీళ్లు తీస్తే తేలే ఆ శిఖం నేల ఎవరిదని అడిగితే చెప్పే దిక్కు లేదు. పాత సర్కారు పోయింది, కొత్త సర్కారుకు ఊళ్ల పేర్లే ఇంకా నోరు తిరగలేదు. అదను చూసి పటేల్ దాని మీద కన్నేశాడు. ఒక మధ్యాహ్నం కట్ట వైపు నుంచి, గాలివాటున, మూడు చోట్ల ఒకేసారి తుంగ అంటుకుంది. పొద్దు గూకేసరికి పిట్టల వాటా కూడా బూడిదే. రెక్కలు కాలిన నీటికోడిని చేతిలోకి తీసుకుని ఖాసింబీ నోటికొచ్చినట్టు తిట్టింది. నేనూ తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయకూడదు.

మర్నాడు పోలీసులు వచ్చి పీరన్నను పట్టుకుపోయారు. రజాకార్ల తుపాకులు తుంగలో దాచాడట, ఆనవాలు దొరక్కుండా తగలబెట్టాడట! కొడవలి తప్ప ఇంకో ఇనుము పట్టని మనిషి. కానీ ఆ రోజుల్లో ఒక సాయిబును లోపల వేయడానికి ఆ మాట చాలు. మాట చెప్పింది పటేల్, రాసుకున్నది ఠాణా అమీన్.

చావడిలో ఖాసింబీ అమీన్ ముందు నిలబడింది.

"మావోడు కాలిస్తే పిట్టల వాటా మిగులుతది సాబ్. మావోడు గాలికి ఎదురు కాలుస్తడు. గిది కట్ట దిక్కు నుంచి గాలి పొంటి కాలింది. జెర వచ్చి చూడుండ్రి, ఆ మసే చెప్తది."

"పిట్టలను సాక్ష్యం తెస్తవా ఏందీ?" అని అమీన్ నవ్వాడు.

పటేల్ కూడా నవ్వాడు. నేను సాక్ష్యం చెప్తానని ముందుకు వస్తే, "వాళ్ల తక్లీఫ్ నీకెందుకే లచ్చమ్మా, ఇంటికి పో" అన్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

వానలు షురూ కాగానే పటేల్ ఆ బూడిద దున్నించి వరి నాటించాడు. నిప్పు కాల్చింది తుంగ తలనే. బురదలో ఉన్న దుంప చెక్కుచెదరలేదు. నాగలేమో ఆ దుంపలను ముక్కలు చేసి పొలమంతా చల్లింది. నెల తిరిగేసరికి వరి ఎక్కడుందో వెతుక్కోవాలి. కూలీలు ఇవాళ పెరికితే వారానికి మళ్లీ మోకాలెత్తు. కట్ట మీద నిలబడి నేను కడుపునిండా నవ్వాను.

చివరికి పటేల్ ఖాసింబీ వాకిట్లోకే వచ్చాడు.

"గీ తుంగ ఎట్ల చస్తదో మీకే తెలుసంట గద. చెప్పు."

"నా మొగడు ఇంటికొచ్చినంక చెప్త."

"అది నా చేతుల ఉన్నదా?"

"లోపలికి పంపింది నీ నోరే గద పటేలా. బయటికి తీసేది సుత గదే."

అతను వెళ్లగానే ఖాసింబీ చెయ్యి పట్టుకున్నాను. "చెప్పకక్కా. వాని వరి సావనీ. యాష్టకొచ్చి వాడే ఇడిసిపెడ్తడు. తుంగ పోతే మనమేం తింటం?"

"జైల్ల ఆయన నెత్తురు కక్కుతుండు లచ్చమ్మా. తుంగ మల్ల ఏడనన్న మొలుస్తది. మనిషి మొలుస్తడా?"

ఆ క్షణాన ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది. అందుకు సిగ్గుపడుతూనే ఉన్నాను.

పటేల్ ఠాణాలో మాట మార్చాడు. తానే కాల్పించానని చెప్పలేదు, చెప్తాడా? తుపాకులు తను కళ్లారా చూడలేదని, ఎండకు తుంగ దానంతటదే అంటుకుని ఉంటుందని చెప్పాడు. దసరాకు ముందు పీరన్న ఇంటికి వచ్చాడు. నాలుగు నెలలకు పైగా లోపల ఉంచి, ఎముకల గూడును తిరిగిచ్చారు.

ఆ సాయంత్రమే ఖాసింబీ కట్ట మీదికి వెళ్లి ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. పటేల్ వైపు చూడకుండా, చెరువు వైపు తిరిగి చెప్పింది.

"మొదలుకంట కోసి నీళ్లు పెట్టుండ్రి. కోసిన మోడు మునిగే ఉండాలె, ఇరవై దినాలు. కొన బయటుంటెనే దానికి ఊపిరి."

అలాగే చేశారు. నీళ్లలో పుట్టిన తుంగ నీళ్ల కింద ఊపిరాడక కుళ్లింది. ఆ కంపు మా గుడిసెల దాకా కొట్టింది. యాసంగి పంటకు అక్కడ వరి తప్ప గడ్డిపోచ లేదు.

పీరన్న కర్ర పట్టుకుని కట్ట మీదికి వచ్చి చూశాడు.

"గిది మనోళ్లకు తప్ప ఎవలకు తెల్వదు. ఎవరు చెప్పిండ్రు?"

"నేనే" అంది ఖాసింబీ.

అతను కర్ర తిప్పుకుని ఇంటి దారి పట్టాడు. మగ్గం విప్పి గోడకు ఆనించాం. నేను కంటోన్మెంటులో రాళ్లు మోయడానికి పోయాను.

కోతలు అయ్యాక ఒకరోజు పొద్దున పటేల్ జీతగాడు యేసురాజు వచ్చాడు. పటేల్ ఇంట్లో కొత్త సర్కారు అధికారులకు దావత్ ఉందట. కూర్చోబెట్టడానికి పన్నెండు చాపలు కావాలట.

"బజార్ల చాపలు మంచిగ లేవంట. మీ కాప్రా తుంగవే కావాలన్నడు పటేలు" అన్నాడు తల వంచుకుని.

ఖాసింబీ గోడకున్న మగ్గం వైపు చూసింది.

"వడ్లు మస్తుగ పండినయంట గద. వాటి మీదనే కూసోవెట్టుమను."