తాళాల చెన్నడి చావు

ఇదిగో, గోడకి చేరబడి ముసిముసిగా నవ్వుతున్న పెద్దమనిషీ, నిన్నే! నిన్నెవరూ బోల్తా కొట్టించలేరనేగా ఆ నవ్వు? లాటరీలో కారు తగిలిందని ఫోనొస్తే చొక్కా తిరగేసి తొడుక్కుని పరిగెత్తింది ఎవరో, మరి! కాస్త జరుగు. అద్దంకి వెంకటనారాయణ సంగతి విను.

వెంకటనారాయణకి కాస్త మిరప తోట, నోటి నిండా వేళాకోళం. ఏ గొంతు కావాలంటే ఆ గొంతు పలికిస్తాడు. పెళ్లివారికి ఫోన్ చేసి, వంటమేస్త్రీ గొంతుతో “మేం రావడం లేదండీ” అని చెప్పిన ఘనుడు. ఆయన మాటకి నవ్వేవాళ్లే తప్ప నమ్మేవాళ్లు ఊళ్లో మిగల్లేదు.

మేనకోడలు భవ్యంటే మాత్రం ఆయనకి ప్రాణం. ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆదివారమొస్తే ఆయన వరండాలో బల్ల వేసి ఒక ఆట నడిపేది. ‘ఏడు కోటల లోయ’ అని, రాక్షసులూ మంత్రాలూ ఉన్న లోకం, తనే అల్లింది. కథ భవ్య చెబుతుంది. చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక పాత్ర అయిపోతారు, ఒట్టి మాటలతోనే. ఏం చెయ్యాలో వాళ్లిష్టం. చేసింది ఫలిస్తుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. సుభానీ మాంత్రికుడు, శరణ్య విల్లు పట్టిన రాణి. వెంకటనారాయణేమో ఏ కోట తలుపైనా తెరిచే దొంగ, తాళాల చెన్నడు.

ఒకరోజు ఆయనకి సరదా పుట్టింది. కల్లం దగ్గర రేకుల షెడ్డులో దాచుకున్న పాత ఫోను తీసి, గొంతు బొంగురు చేసి భవ్యకి కొట్టాడు.

“హలో, రామకాంత్‌ని మాట్లాడుతున్నానమ్మా, హైదరాబాద్ నుంచి. ప్రొడ్యూసర్ని. మీ ఆట గురించి విన్నాను. ముందు ఆడియో సిరీస్, తర్వాత సినిమా, ఆపైన పిల్లలకి బొమ్మలు. ఏమంటారు?”

అవతల ఏడుపు. “ఇన్నేళ్లకి ఒకరు అడిగారు సార్.”

“నేనేనే పిచ్చిమొహమా” అని అక్కడే అనేస్తే సరిపోయేది. ఆ ఏడుపు విన్నాక నోరు రాలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. మర్నాడు ఆమే ఫోన్ చేసింది.

ఇక ఏదో ఒకటి అడగాలి కదా. విసుగెత్తి తనే మానుకుంటుందని, నోటికొచ్చిన కోరికలన్నీ కోరాడు. సినిమాకి ఇంతమంది వీరులెందుకు, హీరో ఒక్కడు చాలన్నాడు. భవ్య మాంత్రికుణ్ణి తీసేసింది. ముగింపు పాచికకి వదిలేస్తే ఎలా, ముందే రాసెయ్యమన్నాడు. రాసేసింది.

“అన్నీ నువ్వే రాసేశాక మేం పాచిక వెయ్యడం ఎందుకే?” అని శరణ్య లేచిపోయింది. “నా మాంత్రికుణ్ణి నాతో ఒక్క మాట చెప్పకుండా తీసేశావు” అని సుభానీ రావడం మానేశాడు. ఆట ఆగిపోయింది. వరండాలో బల్ల మీద ఇప్పుడు మిరపకాయలు ఆరుతున్నాయి.

ఒక్క చెన్నణ్ణి చంపెయ్యమన్నప్పుడు మాత్రం భవ్య వంగలేదు. “వాడు మా మామయ్య సార్. వాడు లేకపోతే ఆ సినిమానే వద్దు.” ఆ మాటకి షెడ్డులో వెంకటనారాయణ కండువా నోట్లో కుక్కుకున్నాడు.

ఒక మధ్యాహ్నం భవ్య మెరిసిపోతూ వచ్చింది. “మామయ్యా, ఉద్యోగం మానేశా. రేపే హైదరాబాద్. దిగి ఫోన్ చేస్తే సార్ కాదంటారా?”

వెంకటనారాయణ బల్ల మీది మిరపకాయలు పక్కకి నెట్టాడు. “భవ్యా, కూర్చోమ్మా. ఆ రామకాంత్ లేడే. నేనే.”

“మొదలెట్టావా?”

“నీ మీదొట్టు.”

“పోయినసారి అమ్మ మీద ఒట్టేసి, పత్తి చేలో పులి తిరుగుతోందన్నావు.”

ఇంకేం చెయ్యాలో తోచక గొంతు బొంగురు చేశాడు. “హలో, రామకాంత్‌ని మాట్లాడుతున్నానమ్మా...”

భవ్య చప్పట్లు కొట్టింది. “అబ్బ! అచ్చం ఆయనే! నేను స్పీకర్లో మాట్లాడుతుంటే విని పట్టేశావు కదూ?”

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. “ఏడుపు కూడా నటనేనా? ఈ సినిమా కోసం అందర్నీ పోగొట్టుకున్నా. తీరా వెళ్లబోతుంటే నువ్వు కూడానా? నేను బాగుపడితే ఓర్వలేవా మామయ్యా?”

“ఉండవే, ఆ ఫోనే తెచ్చి చూపిస్తా!”

ఎండలో చెప్పుల్లేకుండా కల్లానికి పరిగెత్తాడు. గోనెసంచుల కింద నుంచి ఫోను తీశాడో లేదో, చేతిలోనే మోగింది.

“సార్, మీ మాటే నెగ్గింది,” అంది భవ్య. “చెన్నణ్ణి చంపేయండి. నా కథలో వాడికింక చోటు లేదు.”

ఆయన నోరు తెరిచాడు. ‘భవ్యా, నేనేనమ్మా’ అనాలి. సొంత గొంతుతో అనాలి. అంటే, ఆ పిల్లకి మిగిలిన ఆ ఒక్క మనిషీ ఉండడు.

“అలాగేనమ్మా,” అంది బొంగురు గొంతు.

“థాంక్స్ సార్. నన్నెప్పుడూ మోసం చెయ్యని మనిషి మీరొక్కరే.”