సెయిని పేరు మీద వెళ్లిన రక్తం

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. ఆగ్నేయపు గాలి, సన్నని జల్లు, ఇరవై మూడు డిగ్రీలు. టోంగా ఉత్తర దీవుల్లోని ఒక చిన్న ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న ఫూసి తన వేళ్లను మడవడానికి ప్రయత్నించింది. తొమ్మిది నెలలుగా అవి చాప అల్లడానికి లొంగడం లేదు. ముక్కుకు రెండు పక్కలా చెంపల మీద ఎర్రటి మచ్చ పరుచుకొంది. లూపస్ కావచ్చునని, శరీరం తన మీదే తిరగబడి తయారుచేసుకొనే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయని తేలితే మందు మొదలుపెడతానని డాక్టరు చెప్పాడు.

రక్తాన్ని పరీక్షకు ఆక్లండ్‌కు పంపేదీ, వచ్చిన రిపోర్టు చదివేదీ ల్యాబులో ఉన్న ఒకే ఒక్క మనిషి, ఆమె తమ్ముడు మానాసే. అక్కాతమ్ముళ్లు దూరం పాటించాలన్న దీవుల ఆచారం ప్రకారం, పదేళ్ల వయసు దాటాక వాళ్లిద్దరూ ఒకే గదిలో కూర్చోలేదు. అక్క ఒంటి సంగతి తమ్ముడి చెవిన పడటం మర్యాద కాదు.

"వాడి చేతికి నా రక్తమా? సూది పక్కన పెట్టు సెయినీ, నేను పోతాను."

"కూర్చోవే తల్లీ," అంది నర్సు సెయిని, ఆమె చిన్ననాటి స్నేహితురాలు. "గొట్టం మీద నా పేరు రాస్తాలే. ఈ ఒంట్లో పందికొవ్వు తప్ప రోగమేముందని మీ తమ్ముడు నవ్వుకుంటాడు, అంతేగా!"

ఫూసి నవ్వకుండానే చేయి చాపింది. అప్పుడే వరండాలోకి వచ్చిన మానాసే బెంచీ వైపు చూసి, మొహం తిప్పుకొని వెళ్లిపోయాడు.

రెండు వారాలకు రిపోర్టు వచ్చింది. అప్పటికి తల్లి చనిపోవడంతో సెయిని మరో దీవికి వెళ్లింది. మానాసే రిపోర్టు చదివి, కవరులో పెట్టి, సెయిని అరలో ఉంచాడు. అది ఐదు వారాలు అక్కడే ఉంది. కబురు రాలేదు గనుక రోగం లేదని ఫూసి అనుకొంది. పాదాలు ఉబ్బాయి, మూత్రం నురగగా వచ్చింది. భయపడవలసిన సమయమని ఆమెకు తెలుసు. భయం మాత్రం రాలేదు.

సెయిని తిరిగివచ్చి కవరు విప్పిన సాయంత్రం మానాసే వచ్చి అక్క ఇంటి గోడకు బయట నిలబడ్డాడు.

"అక్కా, యాంటీబాడీలు బాగా ఎక్కువున్నాయి. రేపే ఆసుపత్రికి రండి."

"ఆ రక్తం నాదని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. బెంచీ మీద చూశాగా."

"మరి చెప్పలేదేం?"

"మీరు దాచుకొన్నదాన్ని నేనెలా విప్పేది?"

అతని స్థానంలో ఉంటే తానూ అంతే చేసేది. కోపం కోసం లోపల వెతికింది, దొరకలేదు. అల్లడం ఆగిపోయిన చాప మీద చేతులు అలాగే ఉంచుకొని కూర్చుంది.

ఆరేళ్లకు ఆమె మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. ఆ ఆరేళ్లూ రక్తపు గొట్టాల మీద ఫూసి పేరే ఉంది, రాసింది మానాసే.