మొదటి గడి

చెల్లెలు క్లాసు నుంచి ఇంటికొచ్చిందన్న మాటే గానీ మనసు మనసులో లేదు. చెప్పులు విప్పింది, మళ్లీ తొడుక్కుంది, మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. పాలు స్టవ్ మీద పెట్టి కిటికీ దగ్గర నిలబడిపోతే, అవి పొంగి గట్టంతా పారాయి.

"ఏంటి, కాలుకాలిన పిల్లిలా ఆ తిరగడం?" అన్నాడు మొగుడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏదైనా పనిలేకుండా పైకీ కిందికీ తిరుగుతోందంటే ఎక్కడో చెడిందని ఇట్టే పసిగడతాడు.

చెడిన మాట నిజమే. అదేంటో చెప్పాలంటే ముందు ఆవిడ చదువు సంగతి చెప్పాలి. మున్సిపాలిటీ మంచినీళ్ల విభాగంలో ఉద్యోగం చేసుకుంటూ, ఓ పిల్లాడి తల్లయ్యాక, పబ్లిక్ పాలసీలో పీజీకి చేరింది. ఎవరు చేరమన్నారు? ఎవరూ అనలేదు. పై ఆఫీసర్లు తీసుకునే నిర్ణయాలు చూసి చూసి ఒళ్లు మండి చేరింది. మిగతా పేపర్లు ఎలాగో నెట్టుకొస్తోంది గానీ మైక్రో ఎకనామిక్స్ మాత్రం చుక్కలు చూపిస్తోంది. అది చెప్పే ఆయన్ని క్లాసంతా 'కానీ మాస్టారు' అంటారు. ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు, కానీ... అని ఆయన ఆగాడంటే ఇక బోర్డు నిండా గీతలే.

ఈ చదువు ఇంతవరకూ సాగిందంటే అదంతా అక్క చలవ. అక్క కింది అంతస్తులో ఉంటుంది, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చెల్లెలు ఆఫీసు నుంచి అటే క్లాసుకి పోతే, కొడుకు పండుగాణ్ణి నర్సరీ నుంచి తెచ్చి, తినిపించి, తన కూతురు బుజ్జితో పాటు చూసుకునేది అక్కే. పిల్లలిద్దరిదీ ఒకే ఈడు. ఈ ఏడు ఇద్దర్నీ పెద్ద బడిలో వేయాలి.

ఆ చుట్టుపక్కల బళ్లు మూడు. కొండ బడంటే అందరికీ మోజు. వంతెన బడి దాని తర్వాతది. నడిచి వెళ్లొచ్చు, టీచర్లు మంచివాళ్లు. మూడోది ఫ్యాక్టరీ బడి. రెండు బస్సులు మారాలి, ఆటస్థలమంటే తారు పోసిన ముక్క, తప్పనివాళ్లు తప్ప అటు చూడరు. మున్సిపాలిటీ వెబ్‌సైటులో మూడు గడులుంటాయి. ఏది ఎక్కువ కావాలో అది మొదటి గడిలో పెట్టాలి.

"ఏమే, చదువుకున్నదానివి, మొదటి గడిలో ఏం పెట్టమంటావ్?" అని అక్క మొన్నామధ్య అడిగింది.

"మనసులో ఏదుంటే అదే పెట్టక్కా. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోవడానికేముంది?" అంది చెల్లెలు, మహా తెలిసినదానిలా. అక్క అక్కడికక్కడే ఫోన్లో కొండ బడి నొక్కేసి మళ్లీ మిషను తొక్కుకుంది. చెల్లెలూ పండుగాడికి అదే నొక్కింది.

ఇవాళ 'కానీ మాస్టారు' సరిగ్గా ఆ గడుల మీదే పాఠం ఎత్తుకున్నాడు. "మనసులో ఉన్నది నిజాయితీగా పెట్టమంటారు మున్సిపాలిటీ వాళ్లు. కానీ..." అని ఆగాడు. ప్రతి బడీ తనని మొదటి గడిలో పెట్టినవాళ్లకే ముందు సీట్లిస్తుంది. ఎక్కువమందైతే లాటరీ. ఇంకా మిగిలితేనే రెండో గడివాళ్లకి. కొండ బడి లాటరీలో పోయినవాడు వంతెన బడి వైపు తిరిగేసరికి అక్కడ మొదటి గడివాళ్లతోనే నిండిపోయి ఉంటుంది, వాడికిక ఫ్యాక్టరీ బడే గతి. అందుకే తెలిసినవాడు ఆశ చంపుకుని వంతెన బడిని మొదట పెడతాడు. "తెలియనివాడు నిజం చెప్పి మునిగిపోతాడు" అన్నాడు మాస్టారు.

క్లాసు వదలగానే మెట్ల మీద అందరూ ఫోన్లు చెవికి పెట్టుకున్నారు. ఆలస్యమవుతుందని ఇళ్లకి చెప్పుకుంటున్నారు కాబోలనుకుంది. తను మాత్రం ఓ మూలకి పోయి, పండుగాడి మొదటి గడిని వంతెన బడికి మార్చేసింది. గడువు ఇంకా రెండు రోజులుంది. ఇక మిగిలింది అక్కకి చెప్పడం.

చెప్పడానికెంతసేపు? రెండు ముక్కలు. కానీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు. కొలతలు తీసుకుంటూ తీసుకుంటూ వచ్చినవాళ్లందరి చెవినా వేస్తుంది, వీధి వీధంతా వంతెన బడి మీద పడుతుంది. పోనీ ఒట్టు వేయించుకుని చెబితే? అప్పుడైనా బుజ్జి ఒకతి పోటీకి వచ్చినట్టే కదా. ఛీ, అదేం బుద్ధి! పిన్నీ పిన్నీ అని మెడకి వేలాడే పిల్ల! ఆ పిల్లని ఓ సీటు కింద లెక్కగట్టినందుకు తన మీద తనకే అసహ్యమేసింది. అయినా బుర్రలో లెక్క ఆగలేదు.

"మీ అక్కకి చెప్పావా?" అన్నాడు మొగుడు, సంగతంతా విని.

"చెప్తా."

"ఎప్పుడు?"

"చెప్తానన్నాగా! పాపం, అలిసిపోయి పడుకుని ఉంటుంది."

కింద నుంచి కుట్టుమిషను చప్పుడు టకటకా వినిపిస్తూనే ఉంది. మొగుడు గుడ్డ తెచ్చి పొంగిన పాలు తుడిచాడు.

చివరికి దిగింది. అక్క పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో కోటు సరిచేస్తోంది. పండుగాడు గుడ్డముక్కల కుప్ప మీద నిద్రపోయాడు. "ఏమే, మొహం అలా పీక్కుపోయిందేం? ఏమైనా చెప్పాలా?" అంది అక్క సూదులు తీసి.

"ఏం లేదక్కా. వీణ్ణి తీసుకెళదామని."

మర్నాడు ఆఫీసు నుంచి అక్కకి ఫోన్ చేసి, రింగవక ముందే పెట్టేసింది. ఆ పై రోజు గడువు దాటిపోయింది. ఇక చెప్పినా లాభం లేదని తనకి తనే సర్దిచెప్పుకుంది గానీ, ఫలితాలు వచ్చేదాకా ముద్ద దిగితే ఒట్టు.

వచ్చాయి. పండుగాడికి ఫ్యాక్టరీ బడి.

ఫోన్ని మూసి తెరిచి మూసి తెరిచి చూసింది. అదే. ఆ సాయంత్రం క్లాసుకి పోతే తెలిసింది, మెట్ల మీద ఆ రోజు ఫోన్లు దేనికో. ఒకాయన తన బ్యాంకంతా చెప్పాడు, ఒకావిడ వదినలకీ ఆడపడుచులకీ చెప్పింది, వాళ్లు ఇంకెంతమందికి చెప్పారో! జనమంతా వంతెన బడి మీద పడ్డారు, లాటరీలో సగానికి సగం రాలిపోయారు. కొండ బడికి లాటరీయే అక్కర్లేకపోయింది, మొదట పెట్టినవాళ్లందరికీ సీట్లొచ్చాయి, వాళ్లతోనే సరిగ్గా నిండిపోయింది. సొంత మనవరాలికి ఫ్యాక్టరీ బడి వచ్చిందని మాస్టారే చెప్పాడు. "నాలాంటి తెలిసినవాళ్లు ఇంతమంది ఉంటారని అనుకోలేదు. కానీ..." అని ఆగాడు. ఈసారి ఆ తర్వాత గీతలేం రాలేదు.

ఇంటికొచ్చేసరికి అక్క మెడలో టేపుతోనే పైకి పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది.

"బుజ్జికి కొండ బడి వచ్చిందే! అంతా నీ చలవే! మొన్న మిషను దగ్గరికొచ్చిన ప్రతివాళ్లూ వంతెన బడికి మార్చు, మార్చు అని చెవినిల్లు కట్టుకుని పోరారు. నేను కదిలితేగా! మా చెల్లెలు చదివేదే ఈ చదువు, మార్చాల్సిందైతే అది నాకు చెప్పకుండా ఉంటుందా అన్నాను."

చెల్లెలికి తల కొట్టేసినట్టయింది.

"వీడికే పాపం ఫ్యాక్టరీ బడి పడిందట, మీ ఆయన చెప్పాడు. పోనీలే. ఆ రెండు బస్సులూ నేను ఎక్కించి దింపుతాను. నువ్వు మాత్రం చదువు మానకు."

"అక్కా, వీడిది నేను మార్చాను. ఆ వంతెన బడికి. నీకు చెప్పలేదు."

"చదువు గొడవలో మర్చిపోయుంటావ్ లేవే."

"మర్చిపోలేదు. ఆ రోజు చెప్పడానికే కిందికొచ్చాను. వచ్చి కూడా చెప్పలేదు."

అక్క చేతులు వదిలేసింది. "అంటే, బుజ్జికి ఫ్యాక్టరీ బడి వచ్చినా పర్లేదనుకున్నావా?"

కాదంటే అక్క నమ్మేస్తుంది. ఇన్నాళ్లూ నమ్మినట్టే నమ్మేస్తుంది.

"అనుకున్నాను" అంది చెల్లెలు.

అక్క మెడలోంచి టేపు తీసి వేళ్లకి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. గుమ్మం దాకా వెళ్లి, అక్కడ చెప్పులతో ఆడుకుంటున్న పండుగాడి పక్కన కూర్చుని వాడి జుట్టు సర్దింది.

"సోమవారం పొద్దున్నే తయారుగా ఉండు నాన్నా. పెద్దమ్మ వస్తుంది. మొదటి బస్సు త్వరగా పోతుంది" అని వాడికే చెప్పి, చెల్లెలి వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది.