లాగు అన్న మాట

మూడో అంతస్తుకు ఇంకా పన్నెండు మెట్లు ఉండగానే కురుమయ్య నీళ్ల క్యాన్‌ను ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదికి మార్చుకున్నాడు. ఎడమ భుజం మీద అరచేతి వెడల్పున చర్మం నల్లగా మొద్దుబారింది. దాని మీద ఎప్పుడూ ఒక తువ్వాల మడత ఉంటుంది. మెడ కాస్త కుడికి వంగింది. క్యాన్ లేనప్పుడు కూడా వంగే ఉంటుంది కాబట్టి, దూరం నుంచి చూసేవాళ్లకు ఆయన ఎవరి మాటో ఆలకిస్తున్నట్టు కనబడతాడు. వయసు నలభై అయిదు. ప్యాంటుకు బెల్టు, బెల్టు మీద మళ్లీ ఒక తాడు. "కాకా, నీ ప్యాంటు యాడికి పోదులే" అని పిల్లలు ఆట పట్టిస్తారు. కురుమయ్య నవ్వడు.

అశోక్‌నగర్‌లో ఆ వీధి వీధంతా ఉద్యోగ పరీక్షల చదువే. మూడో అంతస్తులోని రీడింగ్ రూములో అరవై కుర్చీలు, అరవై లైట్లు, చప్పుడు చేసినవాణ్ణి నమిలి మింగేలా చూసే నూట ఇరవై కళ్లు. క్యాన్ బోర్లించినప్పుడు నీళ్లు బుడబుడమంటే, తప్పు తనదే అన్నట్టు కురుమయ్య తల దించుకుంటాడు. ఆ మాటకొస్తే ఆయన దేనికైనా తల దించుకుంటాడు. అదొక అలవాటు.

లోపల మాట్లాడకూడదు కాబట్టి మాటలన్నీ మెట్ల మీదే. ఆ పూట అక్కడ ముగ్గురు కూర్చుని కొట్టుకు చస్తున్నారు. తరుణ్‌ది కురుమయ్య వైపే, పాలమూరు. వినయ్ వాళ్ల తాత ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. మూడు తరాలైనా వాళ్లింట్లో మాట మారలేదు. మూడో మనిషి ఆమని. పరీక్షలో ఎలా ఉంటుందో గానీ, వాదనలో మాత్రం ఫస్టు ర్యాంకు ఆమెదే.

"అదీ ఒక సినిమాయేనా?" అంటున్నాడు వినయ్. "నాలుగు ఫైట్లలోనూ ఆ ముగ్గురు రౌడీలే తన్నులు తింటారు. రెండో ఫైట్లో చచ్చినవాడు మూడో ఫైట్లో మీసం అతికించుకుని వచ్చేస్తాడు!"

"అదే గదరా మజా! పైసల్లేవ్, మనుషుల్లేరు. ఉన్న ముగ్గురితోనే ఊరంతా ఉన్నట్టు తీసిండు. గుండె కావాలె దానికి," అన్నాడు తరుణ్.

"గుండె కాదు, సిగ్గు లేకపోవాలి. కారు తలుపు ఊడి చేతికొస్తే విలన్ దాన్ని చంకలో పెట్టుకుని డైలాగ్ చెప్పాడు. కట్ చెప్పే నాథుడు లేడా?"

"రీలు దండుగ అయితదని చెప్పలే. గా సీన్‌కే శనివారం క్రాస్ రోడ్ల టాకీసుల కాగితాలు ఎగిరేస్తరు, చూడు."

శనివారం 'నిప్పుల మేస్త్రి' మళ్లీ విడుదలవుతోంది. ఇరవై ఆరేళ్ల కిందట వారం కూడా ఆడని బొమ్మ. ఇప్పుడు దానికి అభిమానులు, ఫోన్లలో ఒక సంఘం, చొక్కాల మీద తాపీ గుర్తు. ఖాళీ క్యాన్లు ఏరుతున్న కురుమయ్య ఆ సినిమా మాట వినగానే వేగం పెంచాడు. కానీ దారికి అడ్డంగా వాళ్లే కూర్చున్నారు.

"కామెడీ పక్కకు పెట్టుండ్రి," అంది ఆమని. "నారాయణగూడ బిల్డింగ్ మీదికెళ్లి దుంకే షాట్ చెప్పు. గట్ల ఒక్కటే షాట్ల ఇంకెవ్వలన్న తీసిండ్రా?"

"అది బొమ్మండీ. గడ్డి కూరి పైనుంచి తోసేశారు," అన్నాడు వినయ్.

"బొమ్మ కాళ్లు కొట్టుకుంటదా? జర కళ్లు తెరిచి చూడు!"

ఆమె ఫోన్ మెట్టు మీద పెట్టింది. పారిపోవడానికి వీల్లేక, కురుమయ్య కూడా చూశాడు. ఆ సినిమా ఆయన అంతవరకు చూడలేదు. మూడో స్లాబు అంచు మీది నుంచి ఒక మనిషి గాలిలోకి దూకాడు. కింద ఎడమ మూలన సిమెంటు బస్తాల పక్క, తాడు పట్టుకుని ముగ్గురు కూలీలు. అందరికన్నా ముందు బక్కపలచటి కుర్రాడు, చారల లాగులో. ఆమని వేళ్లతో ఆ మూలను పెద్దది చేసింది.

"ఇగో, ఈయనే లాగన్న. ఈయన మీద నెట్ల ఎన్ని జోకులున్నయో! పైన మనిషి పాణం పోతుంటే ఈయనకు లాగు పరేషాన్. చూడు, వంగి లాగే చూసుకుంటున్నడు."

తరుణ్ పడీపడీ నవ్వాడు. వినయ్‌కు కూడా నవ్వాగలేదు.

"గిలక చూడు," అన్నాడు వినయ్. "గిర్రున తిరుగుతోంది. తాడు ఎవరూ లాగనే లేదు. అంటే నిజంగానే మనిషి పడ్డాడన్నమాట. పాపం."

"దుంకినాయన మొహం చూడు. కెమెరా దిక్కు లేదు, మూలకు తిప్పిండు," అంది ఆమని.

"డూపు కదా. మొహం కనబడొద్దని ఫైటు మాస్టరు చెప్పి ఉంటాడు."

"గిలక ఇరికింది!" అన్నాడు కురుమయ్య.

అంత గట్టిగా ఆయన మాట్లాడటం వాళ్లెప్పుడూ వినలేదు. ముగ్గురూ తలెత్తి చూశారు.

"నీకెట్ల ఎరుక కాకా?"

"ఆ బిల్డింగ్ కాడనే పనిజేసిన. దుంకినాయన పేరు శ్రీశైలం. రాంనగర్ల ఉంటడు."

"బతికే ఉన్నడా?" ఆమని లేచి నిలబడింది. "సచ్చిపోయిండని నెట్ల రాసిండ్రు గదా! కాకా, మమ్ముల తీస్కపో. సినిమా చూపిస్తం, శనివారం స్టేజీ మీద కూసోబెడతం."

కురుమయ్య కాదనలేకపోయాడు. కాదనడం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు. సాయంత్రం అయిదింటికి తీసుకెళతానని ఒప్పుకుని, ఖాళీ క్యాన్లతో మెట్లు దిగాడు.

ఆ కుర్రాడు తనే. పట్నం వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. మనుషులు చాలక సినిమావాళ్లు కట్టుబడి కూలీలనే తాడు దగ్గర నిలబెట్టారు. ముందున్నవాడు గుంజితే వెనక ఇద్దరూ గుంజాలి, దూకినవాడు నేలకు నిలువెత్తున ఆగాలి. రిహార్సల్లో ఫైటు మాస్టరు ఈల వేశాడు. ఈలకు గుంజాడు కురుమయ్య. టేకు వేళకు ఆ కోస్తా మనిషి కంగారులో ఈల మాట మరిచి, "లాగు! లాగు!" అని నోటితో అరిచాడు. కురుమయ్య ఊళ్లో తాడును గుంజుతారు. లాగు అంటే ఒంటి మీద ఉండేది. పొద్దుటి నుంచి నాడా వదులై అది జారుతూనే ఉంది. ఇంతమంది ముందు ఊడిందేమోనని సిగ్గుతో చచ్చిపోయి కిందికి చూసుకున్నాడు. లాగు ఒంటి మీదే ఉంది. తలెత్తేసరికి శ్రీశైలం నేల మీద ఉన్నాడు.

ఎవరో అడిగితే "గిలక ఇరికింది" అన్నాడు. అందరికీ అదే నయమనిపించింది. శ్రీశైలానికి నడుము కింద మరి స్పర్శ రాలేదు.

అప్పటి నుంచి మధ్యాహ్నపు బువ్వ కురుమయ్య ఇంటి నుంచే. మాసమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, ఎవరికని అడిగింది. "అన్న అసుంటోడు" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఎండైనా వానైనా, జ్వరం వచ్చినా, టిఫిన్ డబ్బా రాంనగర్ చేరేది. మంచి మనిషని గల్లీ అంతా అంటుంటే కురుమయ్యకు ఒంటి మీద తేళ్లు పాకినట్టుండేది. నారాయణగూడలో ఆ బిల్డింగ్ ఇప్పుడు బట్టల షాపు. దాని ముందు నుంచి వెళ్లాల్సి వస్తే నీళ్ల క్యాన్ల ట్రాలీని సందులోకి తిప్పుకుని చుట్టూ తిరిగి పోతాడు.

ఆ మధ్యాహ్నం శ్రీశైలం ఎప్పటిలాగే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పైభాగం ఇంకా పహిల్వానుదే. కాళ్లు మాత్రం బొంత కింద ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. చిక్కడపల్లి మ్యాచింగ్ సెంటర్ వాళ్లు ఇచ్చే లంగాలు చుట్టూ గుట్టలు. పిన్నీసుకు నాడా కట్టి, లంగా నడుము మడతలోకి దూర్చి, అవతలి నుంచి తీస్తున్నాడు. మూలన పాత కుట్టు మిషన్, చేతితో తిప్పేది.

"అన్నా, మన సినిమా మళ్ల ఆడుతున్నది శనివారం."

పిన్నీసు ఆగింది. "నవ్వుతుండ్రా జనం?"

"నవ్వుతుండ్రు. నీ షాట్‌కు మాత్రం నవ్వుతలేరు."

"మధ్యల కట్ చేసిండ్రా?"

"లేదన్నా. ఒక్కటే షాట్."

శ్రీశైలం మొహం వెలిగింది. "మాస్టర్‌కు ఆనాడే చెప్పిన. కట్ చేస్తే బొమ్మ అనుకుంటరని."

"పోరగాండ్లు నిన్ను చూస్తరంట. పొద్దుమీకి తీస్కొస్త. ఫోన్ల సినిమా చూపిస్తరు." "అన్నా, ఆ దినం గిలక..."

"బువ్వ సల్లారుతది. ముందుగాల పెట్టు," అన్నాడు శ్రీశైలం.

కురుమయ్య పెట్టాడు. గిలక మాటెత్తిన ప్రతిసారీ ఆయనకు ఆకలి గుర్తొస్తుందని అప్పుడు తట్టలేదు.

మిగిలిన పూటంతా క్యాన్లు మోస్తూ ఒకే ముక్క వల్లెవేసుకున్నాడు. గిలక ఇరకలే అన్నా, నేనే గుంజలే. వాళ్ల ఫోన్ చెప్పేలోగా తన నోరే చెప్పాలి. ఇన్నేళ్ల బువ్వనూ ఆయన మొహం మీద కొడితే కొట్టనీ. అయిదింటికి పిల్లలు ముగ్గురినీ వెంటబెట్టుకుని రాంనగర్ చేరాడు. గల్లీ మొదట్లో వాళ్లను ఆపాడు.

"జర ఈడ్నే ఉండుండ్రి బిడ్డా. ఒక్క మాట చెప్పేదుంది. చెప్పి పిలుస్త."

గుమ్మంలో పక్కింటి బుగ్గమ్మ నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చాయ్ ఇద్దామని పిలిస్తే పలుకలేదు కురుమయ్యా. కూసున్నోడు కూసున్నట్టే పోయిండు."

శ్రీశైలం గోడకు ఆనుకునే ఉన్నాడు. ఇస్త్రీ చేసిన నీలం అంగీ, మెడ దాకా గుండీలు. తల తడిపి దువ్వుకున్నాడు. కురుమయ్య పక్కన కూలబడి చెవి దగ్గర నోరు పెట్టాడు. "గిలక ఇరకలే అన్నా. నేనే గుంజలే." మాట ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. ఇరవై ఆరేళ్లలో ఏ మధ్యాహ్నమైనా చెప్పగలిగినంత చిన్నది.

పిలుపు రాకపోయేసరికి పిల్లలే వచ్చారు. ఆమని గుమ్మంలోనే ఆగి ఫోన్ ఆర్పేసింది. కురుమయ్య అన్న మాట ఆమె విన్నదేమో, ఆయన నడుముకున్న తాడు వైపు చూసి చప్పున తల తిప్పుకుంది. తరుణ్ చెప్పులు విడిచాడు.

బుగ్గమ్మ సంచి తెచ్చి ఇచ్చింది. "పగటీలి నువ్వు పోయినప్పటి సంది మిషన్ తిప్పుతనే ఉన్నడు. పోరగాండ్లొచ్చి పోయినంకనే నీకియ్యమని ఇచ్చిండు."

కడిగిన టిఫిన్ డబ్బా కింద ఏదో మెత్తగా తగిలింది. చారల బట్టతో కుట్టిన కొత్త లాగు. కురుమయ్య కొలతే.

ఫోన్‌లో చూసిన, మూలకు తిప్పిన ఆ మొహం గుర్తొచ్చింది. కెమెరాకు దాచుకున్నది కాదు. పడుతున్న మనిషి తాడు పట్టుకున్నవాడి వైపు కాక ఇంకెటు చూస్తాడు? శ్రీశైలానికి మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే తిన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే కురుమయ్య ఈపాటికి ఎంత తేలికపడి ఉండేవాడో! చెప్పనివ్వకుండా తనను కాచాడా, తనంత తానే చెబుతాడని చూశాడా? అడగడానికి మనిషి లేడు.

కురుమయ్య లాగును ఒళ్లో పరుచుకుని, నాడా కొస పట్టి గుంజాడు. అది కదల్లేదు. వెనక నడుము దగ్గర, ఎన్నటికీ జారకుండా, తెల్లదారంతో మూడు చోట్ల గట్టిగా కుట్టేసి ఉంది.