డబ్బా మీద పేరు

సుగుణ హ్యాండ్‌బ్యాగు ఆ సాయంత్రం మామూలు కంటే బరువుగా ఉంది. రెస్టారెంటు గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి నవ్వుతూ చెయ్యి చాపి, కోటూ బ్యాగూ ఇస్తే లోపల తగిలిస్తానంది. సుగుణ కోటు ఇచ్చింది గానీ బ్యాగును మాత్రం చంకలోంచి కదలనివ్వలేదు. ఎలా ఇస్తుంది? అందులో వెల్లుల్లి కారం నింపిన గుండ్రటి స్టీలు డబ్బా ఉంది. అది ఉన్నట్టు ఆమెకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదు. పక్కనే బెల్టు పైకి లాక్కుంటూ నడుస్తున్న మొగుడు లింగయ్యకు కూడా.

కెనడాలోని మిల్టన్‌లో వాళ్ళ ఇల్లూ, అచ్యుత్ భవితల ఇల్లూ గోడకు గోడ. సుగుణ వాళ్ళది జగిత్యాల వైపు, భవిత వాళ్ళది తెనాలి వైపు. అయినా నాలుగేళ్ళు ఒకే ఇంటివాళ్ళలా మసిలారు. ఈ ఇంట్లో పచ్చిపులుసు చేస్తే ఆ ఇంటికి గిన్నె వెళ్ళేది, ఆ ఇంట్లో గోంగూర నూరితే ఈ ఇంటికి వచ్చేది. వెళ్ళిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం ఇద్దరికీ చేతకాని పని. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపేవాళ్ళు.

అలా తిరిగిన గిన్నెల్లో ఈ డబ్బా ఒకటి. సుగుణ పెళ్ళికి తల్లి కొనిచ్చింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా ‘సుగుణ’ అని పేరు కొట్టించి ఉంటుంది. కిందటి అక్టోబరులో, భవిత కూతురు స్వీటీ పుట్టినరోజున, ఇరవైమంది పేపర్ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ హాల్లో, సుగుణ నోరు జారింది.

“భవితా, మా డబ్బా మీ దగ్గరనే ఉండిపోయినట్టుంది, జర చూడు.”

“అదేంటక్కా, ఆగస్టులో పిక్నిక్‌కి వెళ్ళిన రోజే ఇచ్చేశాగా.”

“ఇస్తే నాకు యాదికుండదా? డబ్బాకు కాళ్ళొచ్చి నడిచిపోయిందా మరి?”

ఎవరో కిసుక్కున నవ్వారు. కేకు కోస్తున్న భవిత చెయ్యి ఆగిపోయింది. “అంటే, నేను దాచుకున్నాననా సుగుణగారూ?” అంది.

అక్క పోయి గారు వచ్చింది. ఆ ఒక్క గారుతో రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. మంచు పడితే ఇద్దరూ ఒకే టైముకు పారలు పట్టుకుని బయటికి వచ్చి, ఎవరి వాకిలి వాళ్ళు చిమ్ముకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా లోపలికి పోయేవాళ్ళు. సుగుణకు ఊళ్ళో తెలిసినవాళ్ళు యాభైమంది ఉన్నారు. కానీ పొద్దున పదింటికి ఫోన్ చేసి, ‘ఏం కూర?’ అని అడిగే మనిషి ఒక్కతే ఉండేది.

ఏప్రిల్ మొదటి ఎండకు సుగుణ గ్యారేజీ సర్దుతూ ఐస్ పెట్టె మూత తీసింది. పిక్నిక్ నాటి పెట్టె. లోపల అడుగున డబ్బా! మూత తీస్తే నాలుగు సున్నుండలు, ఒళ్ళంతా బూజుతో పిల్లికూనల్లా ఉన్నాయి. భవిత డబ్బా ఇచ్చింది. అదీ ఉత్తది కాదు, సున్నుండలు పెట్టి మరీ ఇచ్చింది.

సుగుణ ఆ ఐస్ పెట్టె మీదే కూలబడింది. వెంటనే పక్కింటి గుమ్మం ఎక్కి చెప్పేస్తే అయిపోయేది. కానీ ఇరవైమందిలో అన్న మాటను చాటుగా వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియలేదు. ఇవాళ చెప్తా, రేపు చెప్తా అనుకుంటూ నెల గడిపేసింది. డబ్బాను మాత్రం చింతపండేసి తళతళలాడేలా తోమింది.

ఈ డిన్నరు మొగవాళ్ళ ఆలోచన. లింగయ్యా అచ్యుతూ రోజూ ఒకే రైల్లో టొరంటో వెళ్తారు. రైల్లో పక్కపక్క సీట్లలో కూర్చుని కబుర్లు చెప్పుకుని, మిల్టన్‌లో దిగగానే పరాయివాళ్ళలా చెరో కారూ ఎక్కుతున్నారు. ఆ నాటకంతో ఇద్దరికీ విసుగొచ్చింది. ఎవరి ఇంట్లో కలుద్దామన్నా రెండోవాళ్ళు ముందు గుమ్మం తొక్కినట్టు అవుతుంది. మన హోటల్లో అయితే పక్క టేబుల్ దగ్గర తప్పకుండా ఎవరో తెలిసినవాళ్ళు ఉంటారు. అందుకని మనవాళ్ళు రాని చోటు వెతికి వెతికి ఓక్‌విల్‌లో ఈ స్పానిష్ టపాస్ రెస్టారెంటు పట్టారు. పట్టారు గానీ, అక్కడ ఎవరి ప్లేటు వాళ్ళకు రాదనీ, అన్నీ చిన్న చిన్న ప్లేట్లలో మధ్యలో పెడితే అందరూ కలిసి తినాలనీ ఇద్దరూ కనుక్కోలేదు.

“మాట్లాడుకోని ఆడోళ్ళను ఒక్క పళ్ళెంల తినమంటున్నరా?” అని లింగయ్య చెవిలో గొణిగింది సుగుణ.

“మంచిదే కదా. నువ్వేం ఫికర్ చెయ్యకు. ఇయ్యాల ఆమెతోటి తప్పు ఒప్పిస్తా,” అన్నాడు లింగయ్య గుండె మీద చెయ్యేసుకుని.

సుగుణ బ్యాగును చంకలో ఇంకాస్త గట్టిగా ఇరికించుకుంది.

అచ్యుత్ వాళ్ళు ముందే వచ్చి కూర్చున్నారు. భవిత నీలం చీర కట్టుకుంది. సుగుణను చూసి, గుళ్ళో పక్క వరసలో ఉన్నావిడకు ఊపినట్టు తల ఊపింది. వెయిటరు వైన్ తెచ్చి, లింగయ్య గ్లాసులో ఒక్క గుక్క పోసి, సీసా పట్టుకుని నిలబడ్డాడు.

“రుచి చూసి చెప్పాలన్నా,” అన్నాడు అచ్యుత్.

“నువ్వు చూడు తమ్మీ.”

“పెద్దవాళ్ళు, మీరుండగా నేనా?”

గ్లాసు అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. మళ్ళీ అటు వెళ్ళింది. వెయిటరు కళ్ళు కూడా దానితో పాటే తిరిగాయి. ధైర్యం కోసం ఏదో ఒకటి తాగాల్సిన అవసరం ఆ టేబుల్ దగ్గర ఒక్క సుగుణకే ఉంది. ఆమె చటుక్కున గ్లాసు లాక్కుని తాగేసి, “మంచిగనే ఉంది, పొయ్యమను,” అంది. భవిత పెదవి ఒకవైపు కదిలింది. నవ్వో కాదో తెలిసేలోపే నీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది. మద్యం ముట్టదు, వెళ్ళేటప్పుడు కారు తనే నడపాలి.

ప్లేట్లు రావడం మొదలైంది. వెల్లుల్లి నూనెలో రొయ్యలు. టమాటా రుద్దిన రొట్టె ముక్కలు. బంగాళాదుంపలు వేసి మందంగా కాల్చిన ఆమ్లెట్. ఉప్పు చల్లిన వేపుడు పచ్చిమిరపకాయలు. వీటిలో ఎక్కడో ఒకటి కారంగా ఉంటుంది, జాగ్రత్త అని వెయిటరు చెప్పి వెళ్ళాడు. లింగయ్య ఆరు తిన్నాడు. ఆ ఒక్కటి ఎక్కడుందో దొరకలేదు.

తినడం బాగానే సాగింది గానీ, ప్రతి ప్లేటులోనూ చివరి ముక్క దగ్గర బండి ఆగిపోయింది.

“తీసుకోండి వదినా,” అన్నాడు అచ్యుత్.

“అయ్యో, నాకు చాలు. మీ అన్నకు పెట్టు.”

“నా కడుపు నిండింది. భవితకు పెట్టు,” అన్నాడు లింగయ్య, ఆకలిగా ఆ రొయ్య వంకే చూస్తూ.

“వద్దు బావగారూ.”

ఇళ్ళల్లో అయితే ఆ చివరి ముక్కను భవిత సుగుణ కంచంలో వేసి చెయ్యి అడ్డం పెట్టేది, సుగుణ తిడుతూ తినేది. ఇప్పుడు వెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఒక రొయ్య, ఒక రొట్టె ముక్క, ఒక ఆమ్లెట్ ముక్క, ఒక మిరపకాయ, దేని ప్లేటులో అది ఒంటరిగా కూర్చుంది. టేబుల్ మీద చోటు అయిపోయింది. వెయిటరు ఎర్ర సాస్ పోసిన బంగాళాదుంపల ప్లేటు పట్టుకుని వచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక, “ఏమైనా బాగాలేదా?” అని అడిగాడు. నలుగురూ ఒక్కసారే, అన్నీ బ్రహ్మాండం అన్నారు. అతను పాత ప్లేట్లు పక్కకు నెట్టి, ఇది మా వంటల్లో కారమైనది అని గర్వంగా చెప్పి పెట్టాడు.

లింగయ్య ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కాసేపు ఎదురుచూశాడు. “కారం వస్తదా, పోయి తీస్కరావాల్నా?” అన్నాడు.

ఇదే సమయం అనుకుంది సుగుణ. బ్యాగులో చెయ్యి పెట్టింది. డబ్బా చల్లగా తగిలింది. సరిగ్గా అప్పుడే లింగయ్య గొంతు సవరించుకున్నాడు.

“భవితా, ఒక్క మాట. మా సుగుణ పదిహేనేళ్ళ నుంచి నాతోటి ఉంది. తెలిసి అబద్ధం ఆడే మనిషి కాదు. ఇస్తే ఇచ్చిందనే చెప్తది.”

సుగుణ డబ్బాను బ్యాగులోనే వదిలేసింది.

“అన్నా, ఆగండాగండి,” అని అచ్యుత్ కంగారుగా కుర్చీ కింది నుంచి ఒక సంచీ తీశాడు. “ఈ గొడవ నేను ముగించేస్తా. మా అమ్మతో చెప్పి తెనాలిలో చేయించా. మొన్న వచ్చిన వాళ్ళతో పంపింది.”

టేబుల్ మీద ఆలివ్ గింజల సాసరు పక్కన కొత్త స్టీలు డబ్బా పెట్టాడు. అంచు కింద మెషీన్‌తో కొట్టిన నున్నటి అక్షరాల్లో ‘సుగుణ’ అని ఉంది. లింగయ్య మొహం వెలిగిపోయింది. భవిత మొహం మాత్రం ఎర్ర సాస్ రంగులోకి మారింది.

“ఇదెప్పుడు చేయించావ్?”

“సర్దుకుపోదామని...”

“సర్దుకుపోవడం కాదు ఇది, ఒప్పుకోవడం! నేను తీశానని నా మొగుడే సాక్ష్యం చెప్పినట్టు! తియ్యని డబ్బాకి బదులు డబ్బా ఇస్తారా ఎవరైనా?” అంది భవిత. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారు తాళాలు అందుకుని లేచింది. “నువ్వు తినేసి ఊబరెక్కి రా.”

ఆమె ఆ గుమ్మం దాటితే ఇంకెప్పుడూ గోడ అవతలి నుంచి ఫోన్ మోగదని సుగుణకు అర్థమైంది. ఇరవైమందిలో అన్న మాటకు నలుగురు చాలుతారా లేదా అని ఇంక లెక్క చూసుకోలేదు.

“కూసో భవితా,” అంది. బ్యాగులోంచి పాత డబ్బా తీసి కొత్త డబ్బా పక్కన ఠంగుమని పెట్టింది. “నువ్వు ఇచ్చినవ్. తీస్కొని మర్చిపోయింది నేను. ఐస్ పెట్టెల ఉండె.”

ఇద్దరు సుగుణలు టేబుల్ మీద పక్కపక్కన మెరిశారు. పదిహేనేళ్ళ సాక్ష్యం లింగయ్య గొంతులో అడ్డం పడింది. వైన్ అంతా ఒక్క గుటకలో తాగేశాడు.

భవిత నిలబడే పాత డబ్బాను చేతిలోకి తీసుకుంది. చుక్కల పేరు మీద బొటనవేలితో రాసింది.

“ఎప్పుడు దొరికింది?”

“నెలయింది.”

“నెల రోజులా!”

“సిగ్గయింది. తిడితే తిట్టు.”

“సున్నుండలు పెట్టాను అందులో. తిన్నావా?”

“బూజు పట్టినయ్ భవితా. పారేసేటప్పుడు ఏడ్చిన.”

“నా కోసమా, సున్నుండల కోసమా?”

“నెయ్యి వాసన ఇంకా పోలే,” అంది సుగుణ.

భవిత ఆపుకుందామని చూసింది. ఆగలేదు. ముక్కులోంచి మొదలైన నవ్వు పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూసేంత పెద్దదైంది. కూర్చుని, డబ్బా మూత తీసింది. వెల్లుల్లి కారం ఘాటు గుప్పున లేచింది. ఎర్ర సాస్ బంగాళాదుంపల మీద మూడు చెంచాలు చల్లి, ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమె మొహం వంకే చూశారు.

“ఉప్పు తగ్గింది అక్కా,” అంది.

సుగుణ కొంగుతో కళ్ళొత్తుకుని, “కారం ఘాటుకే,” అంది, ఎవరూ అడగకపోయినా.

వెయిటరు వచ్చి, అదేమిటో తను కూడా చూడొచ్చా అన్నాడు. లింగయ్య ఉదారంగా చెంచాడు పెట్టాడు. అతను ఒక్కసారి కళ్ళు మూసుకుని, స్పానిష్‌లో ఏదో అని, గబగబా వంటింట్లోకి పోయాడు. తిట్టాడా పొగిడాడా అన్నది తేలలేదు గానీ, తిరిగొచ్చి నాలుగు నిమ్మ ఐస్‌క్రీములు, మా తరఫున అని పెట్టి వెళ్ళాడు.

లేచేముందు భవిత పాత డబ్బాను తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

“అది నాది,” అంది సుగుణ.

“ఏడు నెలలు దాచుకున్నానని అనిపించుకున్నా. ఇక నిజంగానే దాచుకుంటా. కావాలంటే మళ్ళీ పుట్టినరోజుకి అందరి ముందూ అడుగు.”

“అడుగుత. నేనే మర్చిపోయిన్నని కూడా అందరి ముంగటే చెప్త.”

“చెప్పు. వీడియో తీస్తా.”

తర్వాత భవిత కొత్త డబ్బా మూత తీసింది. చివరి రొయ్యను ఫోర్కుతో పొడిచి అందులో వేసింది. ఆ వెనక రొట్టె ముక్క, ఆమ్లెట్ ముక్క, మిరపకాయ, రెండు బంగాళాదుంపలు. నలుగురూ గంటన్నర సేపు వద్దు వద్దన్నవన్నీ లోపలికి పోయాయి. మూత బిగించి సుగుణ చేతిలో పెట్టింది.

“ఉత్త డబ్బా ఎలా ఇస్తాం?”

ప్లేట్లన్నీ ఖాళీ అవడం చూసి వెయిటరు ఊపిరి పీల్చుకున్నాడు. బయట ఇంకా ఎండ ఉంది. భవిత తప్ప అందరూ వైన్ తాగారు కాబట్టి లింగయ్య కారు అక్కడే వదిలి, అందరూ భవిత కారెక్కారు. ముందు సీట్లో సుగుణ ఒళ్ళో డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఊరు దాటకముందే వెనక నుంచి లింగయ్య మెల్లగా ముందుకు వంగాడు.

“ఆ రొయ్య ఇట్ల ఇయ్యరాదూ?”

“కడుపు నిండింది కదా,” అన్నారు ముందు సీట్లలోని ఇద్దరూ, ఒక్క గొంతుతో.