ఎడమ జేబు

నతానియేలు ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, కుడిచేత్తో మీటరు తీగను పెట్టె లోపలికి దించాడు. మీటరు ముల్లు నాలుగు వందల ఓల్టులు దాటి ఆగింది.

గాజు వాల్వులుండే పాతకాలపు పెట్టెలతో పనిచేసేవాడు రెండు చేతులూ లోపల పెట్టకూడదు. ఒక చేత్తో ఎక్కిన కరెంటు రెండో చేతిగుండా దిగాలంటే గుండె మీదుగానే పోవాలి. రేడియో షాపు మాధవయ్య దగ్గర పనికి చేరినప్పుడు నేర్చుకున్న మొదటి పాఠం అదే. అప్పటినుంచీ ఆ చెయ్యి జేబులోనే బతికింది. ఏడాది తిరక్కుండానే జేబు చిరిగేది. "ఏమయ్యో, జేబులో ఎలకను సాకుతాండావా?" అని భార్య ఎస్తేరు ఎకసెక్కాలాడుతూనే కుట్టిచ్చేది. ఇప్పుడూ నడిమింట్లోంచి ఆమె కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది.

నంద్యాల మొత్తం మీద ఈ పని చేసేవాడు ఇంకొకడు లేడు. చేయించుకునేవాళ్లూ పెద్దగా లేరనుకోండి.

బల్ల మీదున్నది ఆళ్లగడ్డ చర్చివాళ్ల గిటారు ఆంప్లిఫయరు. ఎప్పుడో తెల్లదొరలు వదిలిపోయింది. మూలల తోలు లేచిపోయింది, ముందరి గుడ్డ వెలిసి ఏ రంగుదో తెలీకుండా పోయింది. సాయంత్రం ఆ చర్చిలో గుడి పండగ. గిటారు వాయించే క్రాంతి కుమార్, ఎస్తేరు చెల్లెలి కొడుకు, పొద్దున్నుంచీ స్టూలు మీద కూర్చుని కాళ్లాడిస్తున్నాడు.

"ఇంగెంతసేపు పెద్నాయనా? బస్సు పోతాది."

"పోతే ఇంగోటి వస్తాది. ఊరకుండు."

క్రాంతికి ఇంకో కోరిక కూడా ఉంది. తీగను గట్టిగా మీటితే శబ్దం కాస్త బొంగురుపోవాలట. పోయిన వారం ఆ మాట అంటే, "దేవుని పాటకు గరగర ఏంటికిరా?" అని నతానియేలు కసిరాడు. సంఘపెద్దలకైతే పాట వెనక గుయ్‌మనే రొద పోతే చాలు.

ఆ రొద కోసమే పాత కండెన్సర్లు తీసి కొత్తవి వేశాడు. వాటిలో కరెంటు సరిగా నిలుస్తోందో లేదో చూడటానికి పెద్ద వాల్వులు రెండూ పీకి పక్కన పెట్టాడు. అవి లేకపోతే లోపల చేరిన కరెంటుకు దిగే దారి ఉండదు. ప్లగ్గు పీకినా సరే, పుట్టలో పాములా కండెన్సర్లలోనే ఉంటుంది. అందుకే బల్ల పక్కన మేకుకు ఒక బల్బు వేలాడుతుంది. దాని తీగ ఒకటి పెట్టె ఇనుముకు తగిలించి, రెండోదాన్ని కండెన్సరుకు ఆనిస్తే బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోతుంది. అది ఆరేదాకా ఎవరూ పెట్టెను తాకకూడదు. ఆ ఇంట్లో అదొక్కటే శాసనం.

పొద్దున్నుంచీ నతానియేలుకు ఎడమ భుజం గుంజుతోంది. ఒత్తిగిలి పడుకున్నందుకేమో అనుకున్నాడు. ఇప్పుడా గుంజుడు దవడ దాకా ఎక్కింది. జేబులో పిడికిలి బిగించి, కుడిచేత్తో ప్లగ్గు పీకాడు. బల్బు తీగ ఒకటి పెట్టె ఇనుముకు తగిలించాడు.

రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. కుర్చీలో కూలబడ్డాడు. భయమేసింది. బతుకంతా కరెంటుకు భయపడ్డాడు గానీ, ఇది లోపలినుంచి వస్తుందని అనుకోలేదు.

క్రాంతి ఇదేమీ గమనించలేదు. ప్లగ్గు పీకడం మాత్రం చూశాడు. మైకుసెట్లు మోసి అలవాటైనవాడు, ప్లగ్గు పీకితే పెట్టె చచ్చినట్టేనని అతని లెక్క. "ఐపాయ కదా! నేను మూస్తాలే" అంటూ లేచి, బల్లకు అటుపక్క నిలబడి రెండు చేతులూ పెట్టె లోపలికి చాపాడు.

తాకొద్దని అరవబోయాడు నతానియేలు. కుర్చీలోంచి ముందుకు పడుతూ బల్బు రెండో తీగ అందుకున్నాడు. తీగ కొన పక్కకు జారింది. మళ్లీ పెట్టాడు.

బల్బు భగ్గున వెలిగి ఆరిపోయింది.

క్రాంతి చేతులు వెనక్కి లాక్కున్నాడు. "అమ్మో! ప్లగ్గు పీకినావ్ కదా?"

"లోపల ఉండె." నతానియేలు గొంతు ఎక్కడో అడుగునుంచి వచ్చింది. "ఇప్పుడు తాకు. వాల్వులు గుచ్చు."

"ఏందీ, అన్ని చెమట్లు పోస్తాండాయి?"

"ఉక్క. బేగా కానీ. బస్సు పోతాది."

క్రాంతి బల్బు తీగ ఊడదీసి, వాల్వులు గుచ్చి, స్పీకరూ గిటారూ తగిలించి ప్లగ్గు పెట్టాడు. వాల్వులు వేడెక్కేదాకా పెట్టె నోరు విప్పదు. గాజు లోపల తీగలు మెల్లగా ఎర్రబడ్డాయి. నడిమింట్లో మిషను తిరుగుతూనే ఉంది. నతానియేలు మళ్లీ కుర్చీలోకి జారి తల గోడకు ఆనించాడు.

రొద లేదు. క్రాంతి మెల్లగా మీటాడు. తేటగా పలికింది. గట్టిగా మీటాడు. ఏడ్చి తేరుకున్న మనిషి గొంతులా ఒక్క క్షణం బొంగురుపోయింది. కసురుతూనే ముసలాయన చేసిపెట్టాడన్నమాట!

"పెద్నాయనా! చేసినావే!"

నవ్వుతూ వెనక్కి తిరిగాడు. నతానియేలు కళ్లు సగం మూసి ఉన్నాయి. ఎడమ చెయ్యి జేబులోనే ఉంది. క్రాంతి మళ్లీ పిలిచాడు. భుజం పట్టి కదిపితే తల పక్కకు ఒరిగిపోయింది.

"పెద్దమ్మా!"

కుట్టుమిషను ఆగింది. ఎస్తేరు పరుగెత్తుకుంటూ వచ్చింది.

లోపల మిషను మీద నతానియేలు ఇంకో ప్యాంటు పరిచి ఉంది. దాని ఎడమ జేబు సగం దాకా కుట్టి ఉంది, సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది.